నా మూరతో కొలిచిన ఇల్లు

మా వాళ్ళు ఏ పెళ్ళికో పురిటికో ఒకచోట చేరినప్పుడల్లా ఆ ఇల్లు కట్టిన ముచ్చట ఒకటి తప్పకుండా వస్తుంది. తాటి దూలాలు ఎవరు తెచ్చారో చెప్పుకుంటారు. యుద్ధం రోజుల్లో పెంకులు దొరక్క పెదనాన్న బెజవాడ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో చెప్పుకుంటారు. సున్నం గానుగ తిప్పిన ఎద్దు ఎవరిదో కూడా చెప్పుకుంటారు (ఆ ఎద్దు పేరు ఇప్పటికీ అందరికీ గుర్తే). ఆ ఇంటిని ఎవరి చేత్తో కొలిచారో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు. నేను అక్కడే, గుమ్మం పక్కన కుర్చీలోనే కూర్చుని ఉంటాను. ఒకసారి గుర్తు చేద్దామని గట్టిగా దగ్గాను. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అందుకని ఇక ఎవరో అడుగుతారని చూడకుండా నేనే రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఇంటిని కొలవడానికి టేపులు, అడుగుబద్దలు ఉన్నా, అవి సర్కారు కాలువలకీ రోడ్లకీ పనికొచ్చేవి గాని మనుషులు కాపురం చేసే ఇంటికి పనికొచ్చేవి కావు. ఇంటికి యజమాని మూర కావాలి. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఆయన చెయ్యి ఎంత ఉంటే అంత పొడవున ఒక కర్ర కోస్తారు. దాన్ని మూరకర్ర అంటారు. గోడల పొడవూ వెడల్పూ ఆ కర్రతోనే. అంటే ఒక మనిషి చెయ్యి పదిహేడుసార్లు పడుకుంటే ఒక గోడ అయ్యేదన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటగా ఉంటుంది. పదిహేనేళ్ళప్పుడు ఆ చెయ్యి నాదైనప్పుడు ముచ్చటగా లేదు. ఆ ఏడాదంతా నాకు ప్రాణభయంతోనే గడిచింది.

మాది మంగళగిరిలో నేత కుటుంబం. నాన్న నా ఏడో ఏట జ్వరంతో పోయాడు. అమ్మ, నేను, నాయనమ్మ పెదనాన్న ఇంట్లోనే ఉండేవాళ్ళం. తాతయ్య పంచి ఇచ్చినదాంట్లో నాన్న వాటాకు మా వీధి చివర చిన్న స్థలం వచ్చింది. స్థలం అనడం మర్యాద కోసం. అటు పక్కింటివాళ్ళ గోడకీ ఇటు సందుకీ మధ్య మిగిలిపోయిన ముక్క అది. దాంట్లో మాకు ఒక ఇల్లు, ఇంట్లో ఒక మగ్గం గుంట ఏర్పాటు చెయ్యాలని పెదనాన్న, బాబాయి నిర్ణయించారు. స్థలం నాన్నది కాబట్టి, నాన్న లేడు కాబట్టి, యజమానిని నేనే అన్నారు. నేను నమ్మాను. రోజూ రైల్లో కృష్ణ దాటి బెజవాడ స్కూలుకు వెళ్ళేవాణ్ణి. యజమానిని గదా అని డ్రాయింగు నోట్సులో కాగితం చించి ఇంటి ప్లాను గీశాను. కొండ వైపు గోడకు ఒక పెద్ద కిటికీ పెట్టాను. అక్కడ కూర్చుని చదువుకోవాలని నా ఆశ. పెదనాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కిటికీ పెడితే గాలి కొడుతుంది. గాలి కొడితే పోగు ఎండి తెగుతుంది. మగ్గం ఉన్న గదికి ఎవడన్నా అంత కిటికీ పెడతాడట్రా?" అని, దాంతోనే లాంతరు చిమ్నీ తుడిచాడు. ఆ మసి మరక నాకు ఈరోజుకీ కళ్ళముందు కనిపిస్తుంది.

మాఘమాసంలో ఒక ఉదయం సిద్ధాంతిగారు వచ్చారు. "యజమాని ఎవరు?" అన్నారు. పెదనాన్న నన్ను వెనక నుంచి ముందుకు తోశాడు. సిద్ధాంతిగారు నా చేతిని పీట మీద ఆనించి, వేళ్ళు చాపించి, వెదురు కర్ర మీద చాకుతో గాటు పెట్టారు. తర్వాత లెక్క చెప్పారు. పొడవు మూరల్నీ వెడల్పు మూరల్నీ హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే మిగిలేదే ఆ ఇంటి ఆయం. ఒకటి మిగిలితే ధ్వజాయం, శ్రేష్ఠం. అలా ఒక్కో అంకెకు ఒక్కో ఆయం, కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. ఏమీ మిగలకపోతే అది ఎనిమిదోది, కాకాయం. మా ఇంటికి పదిహేడు మూరల పొడవు, తొమ్మిది మూరల వెడల్పు కుదిరాయి. పదిహేడు తొమ్ముదులు నూట యాభై మూడు. ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగిలింది. అందరూ సంతోషించారు.

"కాకాయం వస్తే ఏమవుతుందండీ?" అని అడిగాను నేను.

"యజమాని ఆ ఇంట్లో ఉండడు నాయనా."

"ఎక్కడికి వెళతాడండీ?"

సిద్ధాంతిగారు గడ్డం ఎత్తి ఆకాశం వైపు చూపించారు.

"వాడు అడగడమూ, మీరు చెప్పడమూనా!" అని పెదనాన్న విసుక్కున్నాడు. "ఒరేయ్, నీ చెయ్యితో పని అయిపోయింది. ఇంక వెళ్ళి చదువుకో." నా మూర కావాలి గాని నా మాట అక్కర్లేదన్న సంగతి నాకు ఆ పూటే అర్థమైంది. కొలత ప్రకారం నాలుగు మూలలా మేకులు కొట్టారు. మూరకర్రను బాబాయి మగ్గం గదిలో కొక్కేనికి తగిలించాడు.

వెంటనే ముగ్గు పోసి పునాది తవ్వి ఉంటే ఈ కథే లేదు. దూలాలు రాలేదు. అవి వచ్చేసరికి మూఢం వచ్చింది. మూఢం పోయేసరికి ఆషాఢం. తర్వాత వానలు. వాళ్ళంతా మంచిరోజుల కోసం కూర్చున్నారు గాని, వీళ్ళ ముహూర్తాల కోసం ఆగకుండా ఒకటి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. అది నా ఒళ్ళు.

మొదట చూసింది అమ్మ. "చొక్కా చేతులు పైకి వచ్చేశాయేమిట్రా? ఉతికితే కురచబడిందా?" అంది. నాకు వెంటనే మూరకర్ర గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కొక్కెం మీది నుంచి తీసి చెయ్యి ఆనించి చూసుకున్నాను. నడివేలి గోరు కర్ర దాటి తొంగి చూస్తోంది. మోచెయ్యి సరిగ్గా ఆనించలేదేమోనని మళ్ళీ ఆనించాను. కర్ర వంకరేమోనని కంటికి ఎదురుగా పట్టుకుని చూశాను. కర్ర తిన్నగానే ఉంది. వానలు మొదలయ్యేసరికి గోరు మొత్తం బయటికొచ్చింది. భాద్రపదం నాటికి వేలి మొదటి కణుపులో సగం దాకా వచ్చింది. వేలు చూసుకుంటే నాకే భయమేసేది. ఒళ్ళో పామును పెట్టుకుని తిరుగుతున్నట్టుండేది.

పెరగకుండా ఉండటానికి మనిషి చెయ్యగలిగినవన్నీ చేశాను. అన్నం తగ్గించాను. పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని స్టేషను దాకా నడిచాను. మా క్లాసులో అందరికన్నా పొట్టివాణ్ణి రహస్యం అడిగాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోజూ పరగడుపున వేపచిగురు తినిపించేదని చెప్పాడు. నలభై రోజులు నమిలాను. నోరు చేదెక్కిపోయింది, కడుపులో ఉన్న నులిపురుగులేవో చచ్చినట్టున్నాయి, ఆకలి రెండింతలై నాలుగు ముద్దలు ఎక్కువ తిని ఇంకా పెరిగాను.

ఎవరికీ చెప్పలేదని అనుకుంటారేమో. ముగ్గురికి చెప్పబోయాను. (ఎవరెవరు ఏమన్నారో అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది.) బాబాయి గుంటలో కూర్చుని నేస్తుంటే పక్కన చతికిలబడి, "బాబాయ్, మూరకర్ర ఉంది చూడూ…" అన్నాను. "పడుగు మీద నీ నీడ పడుతోంది, జరుగు" అన్నాడు. అమ్మతో, "అమ్మా, నేను చచ్చిపోతానేమో" అన్నాను. అమ్మ గబగబా నుదురు పట్టుకు చూసి, ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదని, చూశావా ఎంత దిష్టో అని నన్ను గట్టిగా పట్టుకుంది. అంతకుమించి ఆమెను భయపెట్టడం నాకు చేతకాలేదు. చివరికి పెదనాన్న దగ్గరికే వెళ్ళాను.

"పెదనాన్నా, ఇంటి సంగతి ఒకటి…"

"కిటికీ గురించేనా?"

"కాదు."

"అయినా సరే, కిటికీ లేదు. పో."

ఇక ఎవరితో చెప్పేది? ఆశ్వయుజంలో ఒకరోజు ఎండ చురచుర కాస్తుండగా, అందరూ భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ, నేనే ఆ స్థలానికి వెళ్ళాను. మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నా పెరిగిన చేత్తో కొలవడం మొదలుపెట్టాను. మోచెయ్యి, నడివేలు, మళ్ళీ మోచెయ్యి. అలా పాకుతూ పోతే అవతలి మేకు దగ్గరికి పదిహేడు రాలేదు. పదహారూ, పైన జానెడు. వెడల్పు తొమ్మిదికి కాస్త తక్కువ. జానెడును వదిలేసి, ఆ కాస్త తక్కువను తొమ్మిదే అనుకుని, మట్టిలో పుల్లతో లెక్క వేశాను. (అటు వదిలి ఇటు కలపమని ఏ శాస్త్రంలో ఉందో ఇప్పటికీ తెలీదు. భయపడినవాడి లెక్కలు అలాగే ఉంటాయి.) పదహారు తొమ్ముదులు నూట నలభై నాలుగు. ఎనిమిదితో భాగించాను. ఏమీ మిగల్లేదు.

తలెత్తేసరికి ఈశాన్యం మేకు మీద ఒక కాకి వాలి ఉంది. నేను కల్పించి రాయడం లేదు. మంగళగిరిలో కాకులకు కరువు లేదు, అది ఎక్కడైనా వాలొచ్చు. కానీ అది ఆ మేకు మీదే వాలింది. రాయి తీసి విసిరాను. తగల్లేదు. అది ఎగిరిపోకుండా మెడ వంచి నన్నూ నా లెక్కనూ చూసింది.

"ఏరా, మట్టిలో పాకుతున్నావు? ఏం పోగొట్టుకున్నావు?" అంది పక్కింటత్త గోడ అవతల నుంచి.

"ఏం లేదత్తా" అన్నాను. పోగొట్టుకోబోయేది ఏమిటో ఆమెకు ఎలా చెప్పను?

కార్తీకమాసంలో ముహూర్తం కుదిరింది. పొద్దున్నే స్థలం ఊడ్చి నీళ్ళు చల్లారు. సిద్ధాంతిగారు తూర్పు ముఖంగా కూర్చున్నారు. పెదనాన్న, బాబాయి, తాపీ మేస్త్రి, పక్కింటి మామయ్య ముందు నిలబడ్డారు. నాయనమ్మా అమ్మా భర్తల్ని పోగొట్టుకున్నవాళ్ళు కాబట్టి, శుభకార్యానికి ఎదురు పడకూడదని దూరంగా పక్కింటి చూరు కింద ఒదిగి నిలబడ్డారు. నా ఇల్లే, నా ముగ్గే, కానీ నా మనుషులిద్దరూ పరాయి చూరు కింద ఉన్నారు. ఇది కూడా నేను మరిచిపోలేదు.

కొబ్బరికాయ కొట్టారు. ముగ్గు పోస్తారు, అయిపోతుంది, జరిగేదేదో తర్వాత జరుగుతుంది అని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు సిద్ధాంతిగారు, "మూరకర్ర ఇలా తెండి. యజమాని చెయ్యి ఒక్కసారి ఆనిస్తే ముగ్గు పోసేద్దాం" అన్నారు.

ఆ మాట నేను అనుకోలేదు. "చెయ్యి నొప్పిగా ఉందండీ" అన్నాను. "నొప్పైతే కొయ్యడం లేదుగా, చాపు" అన్నాడు పెదనాన్న. బాబాయి కర్ర రెండో కొస పట్టుకున్నాడు. నేను చెయ్యి ఆనించి వేళ్ళు లోపలికి ముడిచాను. "వేళ్ళు చాపు నాయనా" అన్నారు సిద్ధాంతిగారు. సగం చాపాను. ఆయన వంగి తన వేలితో నా నడివేలిని నిమిరి తిన్నగా చేశారు. అది కర్ర దాటి అందరి ముందుకీ వచ్చి నిలబడింది.

"ఇదేమిటి?" అన్నారు సిద్ధాంతిగారు.

"పెరిగిందండీ."

"ఎవర్ని అడిగి పెరిగావురా?" అన్నాడు పెదనాన్న.

ఇక ఆగలేదు నాకు. వేపచిగురు సంగతీ, నూట నలభై నాలుగూ, కాకీ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పి ఏడ్చేశాను. మేస్త్రి నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. సిద్ధాంతిగారు నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే నాకు మరింత భయమేసింది. "కొత్త మూరతో పదిహేడు తియ్యాలంటే పొడవు జానెడు పెరుగుతుంది" అన్నారు.

పక్కింటి మామయ్య వెంటనే, "జానెడు కాదు, చిటికెనవేలంత కూడా ఇటు రావడానికి వీల్లేదు. మీ చూరు నీళ్ళు నా గోడ మీద పడతాయి" అన్నాడు.

"పోనీ, తగ్గించి పదిహేను చేద్దామా?" అన్నారు సిద్ధాంతిగారు.

"పదిహేనులో మగ్గం పడితే మనుషులు పట్టరండీ, మనుషులు పడితే మగ్గం పట్టదు" అన్నాడు బాబాయి.

"ముహూర్తం దాటిపోతోంది" అన్నారు సిద్ధాంతిగారు. "ఇది దాటితే మళ్ళీ మాఘం దాకా ఆగాలి."

"మాఘానికి వీడు ఇంకెంత పెరుగుతాడో!" అని పెదనాన్న నా వంక చూసిన చూపు పొలంలో గొంగళిపురుగును చూసే చూపులా ఉంది.

అప్పుడు చూరు కింది నుంచి నాయనమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నడి స్థలంలోకి వచ్చి, తెల్లచీర కొంగు భుజం మీదికి లాక్కుని, "పంతులుగారూ, నా చెయ్యి ఆనించండి" అంది.

"అమ్మా, నువ్వు ఇలాంటప్పుడు…" అని పెదనాన్న నసిగాడు.

"ఏరా, నేను రాకూడదా? ఈ ముక్క మీ నాన్న కొన్నది ఎవరు నేసిన చీరలతో? ఈ చేతుల్తో నేసినవాటితోనేగా? వాడి చెయ్యి పెరుగుతుందని మీకు భయమైతే నా చెయ్యి పెట్టుకోండి. నేనింక పెరగనుగా."

సిద్ధాంతిగారు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. "ఇంటికి పెద్దదిక్కు ఆవిడే. తప్పేం లేదు" అన్నారు. నాయనమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి ఆనించింది. నేను కన్నీళ్ళు తుడుచుకుంటున్నాను, నాకు సరిగ్గా కనిపించలేదు. బాబాయి గొంతు మాత్రం వినిపించింది, అవసరానికి మించిన గట్టి గొంతు. "సరిపోయింది!"

"సరిపోయింది" అన్నారు సిద్ధాంతిగారు కర్ర వంక చూడకుండా.

ముగ్గు పోశారు. నాయనమ్మ లేచి చేతులు దులుపుకుంటూ, "యజమానిని నేనేగా? అయితే వాడికి కొండ వైపు కిటికీ పెట్టండి" అంది.

"పోగు తెగుతుందమ్మా."

"తెగితే ముడేస్తాను. పెట్టరా."

పెదనాన్న పెట్టాడు. నిలువూ అడ్డమూ ఒక్క మూర. అదీ ఆ పాత మూరకర్ర మూరే. తల పెడితే భుజాలు పట్టవు, భుజాలు పెడితే తల పట్టదు. అయినా దాంట్లోంచి కొండ కనిపించేది.

ప్రాణం దక్కినందుకు నేను సంతోషించానని అనుకుంటున్నారా? ఆ రోజు మధ్యాహ్నం దాకా సంతోషించాను. సాయంత్రానికి నా యజమానిత్వాన్ని అందరి ముందూ లాక్కున్నారని కోపమొచ్చింది. నాయనమ్మతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమె చిన్నగా దగ్గింది. అంతే, కొత్త భయం పట్టుకుంది. గండం యజమానికి గదా! గృహప్రవేశం అయ్యాక రోజూ స్కూలుకు వెళ్ళే ముందు ఆమె ఊపిరి చూసుకుని వెళ్ళేవాణ్ణి. రైలు కృష్ణ మీదికి వచ్చేసరికి, ఇప్పుడు ఎలా ఉందో అని గుండె కొట్టుకునేది. నాయనమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది. నా పెళ్ళి చూసింది. నా నెత్తిన జుట్టు పలచబడడం చూసి వేళాకోళం చేసింది.

ఆమె చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆ కిటికీ కింద మంచం మీద చెయ్యి చాపుకుని నిద్రపోతోంది. అటక సర్దుతుంటే మూరకర్ర దొరికింది. ఎన్నేళ్ళుగానో నూలు చిలపలు, అంటే తడి నూలు కట్టలు, ఆరేసుకోవడానికి వాడుకున్న కర్ర అది. ఏం బుద్ధి పుట్టిందో, మెల్లగా ఆమె చేతి పక్కన ఆనించాను. ఆమె చెయ్యి కర్రను రెండు వేళ్ళ వెడల్పు దాటింది. మళ్ళీ ఆనించాను. అంతే. అప్పుడు గుర్తుకొచ్చింది, మా వీధిలో పీట ఎక్కకుండా కొక్కెం అందుకునే ఆడమనిషి నాయనమ్మ ఒక్కతే. మనుషులు అరవై దాటాక పెరగరు. నేనైనా పెరగలేదు. ఆ రోజు ఆమె వేళ్ళు ముడుచుకుంది. నేను ముడిచినట్టే ముడిచింది, కాకపోతే నాకన్నా నేర్పుగా. తన మూరకు లెక్క కుదరని ఇంటిని, అందులో ఉందని వాళ్ళంతా నమ్మిన గండంతో సహా, తన చేతి మీదికి తీసుకుంది. నేనేమో మూడు రోజులు మాట్లాడలేదు.

లేచాక అడుగుదామని కూర్చున్నాను. లేచి, "ఏమిట్రా ఆ ముఖం, కిటికీ చిన్నదయిందనా?" అంది. నవ్వొచ్చి, అడగలేకపోయాను. తర్వాత అడగడానికి ఆమె లేదు. సిద్ధాంతిగారు లేరు. పెదనాన్న లేడు, ఉన్నా చెప్పడు. ఆ పదిహేనేళ్ళ కుర్రాడు మట్టిలో పాకుతూ తన ప్రాణానికి లెక్క కట్టుకోవడం తలుచుకుంటే ఇప్పుడు నాకు వాడి మీద జాలి, నవ్వు కలిసి వస్తాయి. కానీ నాయనమ్మను అడగలేకపోయిన ప్రశ్న మాత్రం ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

బాబాయ్, ఇది నీ కోసమే రాశాను. కర్ర రెండో కొస నీ చేతిలోనే ఉంది. "సరిపోయింది" అని అరిచింది నువ్వే. అడిగిన ప్రతిసారీ "భోంచేశావురా?" అని మాట మార్చావు. ఈసారి భోంచేసే కూర్చున్నాను. నాయనమ్మ వేళ్ళు ముడుచుకుందా లేదా? నువ్వు చూశావా లేదా? చెప్పు.